పుస్తకంలో లేని పద్ధతి

“పొరపాటున జరుగుతుందా, జరగదా? అదొక్కటి చెప్పండి చాలు,” అన్నాడు ఎలియో.

నివెస్ కాఫీ కప్పు కింద పెట్టింది. కిటికీ అవతల రన్‌వే మీద పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. మోదెనాలో ఒక కార్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు టెస్ట్ డ్రైవరుగా చేసి మానేసిన మనిషి ఆమె. విమానాలు దిగడం మానేసిన ఈ రన్‌వేని అద్దెకు తీసుకుని, డబ్బున్నవాళ్లకు వాళ్లు కొనుక్కున్న కార్లు నడపడం నేర్పుతోంది. ఇలా బస్సు దిగి, చేతికర్రతో మంచులో నడుచుకుంటూ వచ్చినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

“ముందు ఏం జరిగిందో చెప్పండి.”

“చెప్పడానికేముందమ్మా. సస్సువోలో ఊరికి పోయే రోడ్డులో సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంది. పచ్చలైటు పడగానే గుండులా దూసుకుపోయి, ఎదుట మలుపు తిరుగుతున్న లారీ కిందికి దూరింది. మావాడు తోబియా అక్కడికక్కడే పోయాడు. ఇరవై ఏళ్లు.”

“కారు అబ్బాయిదా?”

“నాదే. టైల్స్ ఫ్యాక్టరీ అమ్మేశాక ముచ్చటపడి కొన్నాను. వాడు రోజూ నా ప్రాణం తీసేవాడు. ‘ఇందులో ఏదో కిటుకు దాచారట నాన్నా, ఒక్కసారి చూద్దాం’ అని.”

నివెస్ తల దించుకుంది. నిలబడ్డచోటి నుంచి మూడు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగానికి కారును విసిరేసే కిటుకు అది. దాన్ని తయారుచేసిన ముగ్గురిలో ఆమె ఒకతె. కారుతో ఇచ్చే పుస్తకంలో దాని ఊసే ఉండదు. అయినా ఆ నోటా ఈ నోటా పడి కుర్రకారుకంతా తెలిసిపోయింది.

“కారు దానంతటదే దూకిందంటుంది మా ఆవిడ ఒర్నెల్లా,” అన్నాడు ఎలియో. “ఆ మాట పట్టుకునే పొద్దున లేస్తోంది, రాత్రి పడుకుంటోంది. మొన్నటిదాకా నేనూ అంతే. ఇక నావల్ల కావడం లేదు. నాకు నిజం కావాలి.”

“కార్లో ఇంకెవరూ లేరా?”

“ఇంకొకడున్నాడు. బతికాడు.”

“మరి అతన్ని అడక్కపోయారా?”

“అడగని రోజు లేదు. తలకు దెబ్బ తగిలింది, ఏమీ గుర్తులేదంటాడు.”

“అబద్ధమేమో.”

“ఒక్కోసారి నాకూ అలాగే అనిపిస్తుంది.”

నివెస్ లేచింది. షెడ్డులో అదే రకం కారు ఉంది. ఎలియోను పక్కన కూర్చోబెట్టింది. ఆయన బెల్టు పెట్టుకోలేకపోతుంటే తనే పెట్టి, రన్‌వే మొదట్లోకి తెచ్చి ఆపింది.

“చూడండి. ముందు కారు పూర్తిగా ఆగాలి. ఈ బొత్తాన్ని అయిదు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. చక్రాలు జారకుండా కాపాడే ఏర్పాటు ఆగిపోతుంది. ఎడమకాలు బ్రేకు మీద, ఉన్న బలమంతా పెట్టి. ఇప్పుడు స్టీరింగు వెనకున్న రెండు గేరు మీటలూ ఒక్కసారే లాగి పట్టుకోవాలి. ఆ తర్వాత కుడికాలు పూర్తిగా కిందికి.”

ఇంజను ఒక్కసారిగా అరిచింది. కారు మాత్రం కదల్లేదు. ఉన్నచోటే వణికిపోతోంది.

“ఇక బ్రేకు వదిలితే...”

వదిలింది. ఇద్దరి వీపులూ సీట్లకు అతుక్కుపోయాయి. మంచు చీలిపోయింది. రన్‌వే చివర కారు ఆగేసరికి ఎలియో రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉన్నాడు.

చేతులు తీసి అడిగాడు. “పక్కన కూర్చున్నవాడికి ముందే తెలుస్తుందా?”

“ఇంజను ఇలా అరుస్తుంటే తెలియకపోవడమేముంది? వద్దనడానికి వ్యవధి కూడా ఉంటుంది.”

“వద్దని ఉంటాడంటారా?”

“అది ఆ బతికినవాడే చెప్పాలి.”

ఎలియో తలాడించాడు. “ఇప్పుడు చెప్పండి. కాలు జారి, చెయ్యి తగిలి, ఇదంతా జరిగిపోతుందా?”

జరుగుతుందని ఒక్క మాట అంటే చాలు. ఆ ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లకు బతకడానికి ఒక ఆసరా దొరుకుతుంది. ఆ మాట నివెస్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ‘అలాంటి పద్ధతేదీ మా కార్లో లేదు’ అని అడిగినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ విసిగిపోయే ఆమె ఆ ఉద్యోగం వదిలేసింది. నిజం కోసం ఇంతదూరం నడిచొచ్చిన మనిషికి మళ్లీ అబద్ధం చెప్పలేకపోయింది.

“జరగదు,” అంది. “నడిపేవాడు ఒక్కొక్కటీ తెలిసి చేస్తేనే జరుగుతుంది. పొరపాటున జరక్కూడదనే అలా పెట్టాం.”

“నూటికి ఒక్కసారైనా?”

“లక్షకు ఒక్కసారి కూడా జరగదు.”

ఎలియో తలుపు తీసుకుని దిగాడు. రెండడుగులు వేశాడో లేదో, తడిసిన రన్‌వే మీద కూలబడిపోయాడు. ఏడుపు బయటికి రాలేదు గానీ భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. నివెస్ పరుగున వచ్చి ఆయన పక్కనే కూర్చుంది.

“ఎలియో గారూ, తెలిసి చేశాడన్నానే గానీ చావాలని చేశాడనలేదు. ఆ వయసు అలాంటిది. పక్కనున్నవాడు అబ్బురపడితే చూడాలని సరదా. ఇందులో మా పాపం కూడా ఉంది. తిట్టాలంటే నన్ను తిట్టండి. పిల్లవాణ్ణి మాత్రం క్షమించండి.”

ఆయన తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

“వాణ్ణి క్షమించడానికేముంది?” అన్నాడు. “నడిపింది నేనమ్మా.”