హార్లన్ పాఠంలో తప్పు

"నా కొడుకును చంపిన పాఠమేదో నాక్కూడా చెప్పండి మాస్టారూ," అంది లొరెట్టా, రేకుల షెడ్డు గుమ్మంలో నిలబడి.

రాకెట్ మోటార్లు చేయడం నేర్చుకుందామని వచ్చిన నలుగురూ గరిటెలు పట్టుకుని అలాగే ఉండిపోయారు. హార్లన్ ఆమెను వెంటనే గుర్తుపట్టాడు. నిరుడు ఈ మొహావీ ఎడారిలోనే మోటారు పేలి చనిపోయిన వెస్‌కు తల్లి. వెస్ పని నేర్చుకున్నది ఈ షెడ్డులోనే, ఈ బల్ల దగ్గరే.

"నీ కష్టం పగవాడిక్కూడా రాకూడదమ్మా. కానీ నా పాఠంలో తప్పు లేదు," అన్నాడు హార్లన్.

"అది నేను చూసి చెబుతాను. తప్పు దొరికిందా, ఈ షెడ్డుకు తాళం వేయిస్తా."

"దొరికితే తాళంచెవి నేనే ఇస్తా. ముందు ఆ కళ్లద్దాలు పెట్టుకో."

తలనెరిసేదాకా ఇదే పని నేర్పిన మనిషి. తన పాఠం మీద ఈగ వాలనివ్వడు. కొత్త మోకాలితో కుంటుకుంటూ వెళ్లి ఆమెకు బల్ల చివర చోటు చూపించాడు. సహాయకుడు రూబెన్ పంచదార, సూరేకారం కలిపిన గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"రాకెట్టు ఎగిరేది ఈ పాకంతోనా?"

"దీంతోనే. నోట్లో మాత్రం వేసుకోకు," అన్నాడు రూబెన్. ఆమె నవ్వలేదు.

పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా లొరెట్టా అడుగడుక్కీ అడ్డం పడుతూనే ఉంది. వేడి ఇంతే ఎందుకు? గొట్టం ఇనుముది ఎందుకు కాకూడదు? ఇది వెస్‌కూ చెప్పావా? అదీ చెప్పావా? ప్రతిదానికీ హార్లన్ దగ్గర జవాబుంది. అందరూ బరిటోలు తింటుంటే ఆమె మాత్రం కాఫీతో సరిపెట్టుకుని గోడకున్న జాగ్రత్తలన్నీ చదివింది. ఎక్కడా తప్పు దొరకలేదు. దొరకనికొద్దీ ఆమెకు కోపం పెరిగింది.

పాకం గట్టిపడి, మధ్యలో కంతతో, గొట్టంలో పెట్టే మందు దిమ్మ తయారైంది. హార్లన్ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఎంత నున్నగా పోశావమ్మా! మీవాడిదీ ఇదే చెయ్యి."

లొరెట్టా గోడవైపు తిరిగిపోయింది.

ఆ తర్వాత తన పేరు రాసిన కాగితం అంటిస్తుంటే దిమ్మ దొర్లి సిమెంటు నేల మీద పడింది. ఆమె గబుక్కున తీసి, ఏప్రన్‌తో తుడిచి, మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

"అది పడింది కదూ?" అవతలి చివరినుంచి కేకేశాడు హార్లన్.

"పడితే ఏం? చెక్కు చెదరలేదు చూడు."

"ఇక అది పనికిరాదు."

"పొద్దుట్నుంచీ కూర్చుని చేశానయ్యా! నా మీద కసి తీర్చుకుంటున్నావా?"

హార్లన్ దిమ్మను చిన్న రంపంతో మెల్లగా కోశాడు. రెండు చెక్కలూ ఆమె ముందు పెట్టాడు. లోపలి కంత నుంచి అంచు దాకా వెంట్రుక మందాన బీట.

"నిప్పు ఈ బీటలో దూరిందంటే మందు ఒక్కసారే అంటుకుంటుంది. గొట్టం ఆగదు. అందుకే కింద పడితే చెప్పాలి. ఇక్కడెవరూ తిట్టరు. పైకి ఏమీ కనబడదు. పడేసిన వాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలీదు," అన్నాడు.

లొరెట్టా ఆ బీట మీద వేలు పెట్టి అలాగే ఉంచింది.

"ఇంత ఎత్తునుంచి పడినా చాలా?"

"చాలు."

"ఇంట్లో... బల్ల తుడుస్తుంటే దొర్లిపడినా?"

హార్లన్ తలెత్తి చూశాడు.

"తెల్లారి ఎగరేస్తానని తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాడు. నేనేమో గది సర్దుతూ..." ఆమె రెండు చెక్కల్నీ దగ్గరికి చేర్చి నొక్కింది. "దెబ్బేమీ కనబడలేదు. తుడిచి పెట్టేశాను. వాడు నిద్రపోతున్నాడు, దీనికోసం లేపడం ఎందుకని..."

"ఆగమ్మా," అన్నాడు హార్లన్. "అది మీ ఇంటికి రాకముందే బీటలిచ్చింది."

షెడ్డులో అందరూ పని ఆపేశారు.

"ఆ సాయంత్రం ఇక్కడ నా చేతిలోంచి జారింది. నేనూ తుడిచి పెట్టేశాను. మాస్టారు పడేశాడంటే నవ్వుతారని నోరు మెదపలేదు. నువ్వు వెతుకుతున్న తప్పు అదే."

"పొద్దుట్నుంచీ తప్పు లేదన్నావే!"

"అబద్ధమాడాను."

లొరెట్టా అతని ఛాతీ మీద రెండు చేతులా కొట్టింది. కొట్టి కొట్టి అక్కడే కూలబడి, కొడుకు పోయాక తొలిసారిగా గుండెలవిసేలా ఏడ్చింది. హార్లన్ మేకుకున్న తాళంచెవి తీసి ఆమె గుప్పిట్లో పెట్టాడు. ఆమె దాన్ని పట్టుకుని, అతని మొహం చూడకుండానే వెళ్లిపోయింది. ఆమె వెనకే ఆ నలుగురూ ఏప్రన్‌లు విప్పేసి తమ బండ్లెక్కారు.

గాలికి రేకులు చప్పుడు చేస్తున్నాయి. హార్లన్ చీపురు తీసుకుని నేల ఊడవడం మొదలుపెట్టాడు. రూబెన్ ఆ చీపురు లాక్కున్నాడు.

"ఇక నిన్నెవరూ మాస్టారూ అని పిలవరు, తెలుస్తోందా? వెస్ ఆ దిమ్మ పోస్తుంటే పక్కన ఉన్నది నేను, డబ్బాలో పెట్టి వాడి చేతికిచ్చింది నేను... ఆ వారమంతా నువ్వు మోకాలి ఆపరేషనై ఆసుపత్రి మంచం మీద ఉన్నావు కదయ్యా!"