పెద్ద తోక

"పొద్దున్నుంచి అడుగునే పడుందండీ లింగమూర్తిగారూ! పైకి రాలేకపోతోంది." వాసంతి ప్లాస్టిక్ డబ్బాను చేపల కొట్టు బల్లమీద పెట్టింది.

లోపల పెద్ద తోక ఫైటర్ చేప. కొత్తగూడలో ఆ తోకకు పేరు తెచ్చింది లింగమూర్తే. పెద్ద తోకలవాటినే ఏరి జతకట్టించాడు. నాలుగు తరాల్లో తోక ఒంటిని మించిపోయింది.

"బీమారి కాదమ్మా. తోకను మొయ్యలేకపోతున్నది. దీనికి మందు లేదు."

"పోనీ, చిన్న తోకదే ఇవ్వండి. హాయిగా ఈదితే చాలు."

అతని చూపు మూలనున్న తొట్టిమీదికి పోయింది. అందులో బలిసిన కొర్రమీను.

"అసొంటియి లేవమ్మా. ఎవ్వరు కొనరని, ఎప్పటికప్పుడు ఏరి గా కొర్రమీనుకే ఏస్తున్న."

"మరి దీన్నేం చెయ్యను?" అంది వాసంతి.

లింగమూర్తి డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు.

అది చూసి, మేత వచ్చిందనుకుని కొర్రమీను చరచరా పైకొచ్చింది.