మందాకిని గురించి మీ అభిప్రాయం

బ్రేకు రాగానే టీవీ మర్యాదగా అడిగింది. "మందాకిని గురించి మీ అభిప్రాయం చెప్పండి."

ఇప్పుడు ఏ ఇంటి సీరియల్ ఆ ఇంటిదే. చూసేవాళ్లు ఎలా అంటే కథ అలా తిరుగుతుంది. తొమ్మిదేళ్లపాటు శిరీషమ్మ టీవీ ముందు కూర్చుని, తన సీరియల్లో కోడలైన మందాకినిని కన్నకూతురిలా సాకింది. "కోడలంటే అదీ! నువ్వూ ఉన్నావు, ఎందుకూ?" అని తన కోడలు తన్వితను పూటకోసారి ఎత్తిపొడిచింది. తన్వితకు కడుపు పోయిన రోజున కూడా టీవీలో మందాకిని కవలలకు బారసాల చేయించింది.

పోయిన నెల పక్షవాతం వచ్చి శిరీషమ్మకు మాట పడిపోయింది. టీవీకి ఇక తన్విత గొంతే దిక్కయింది.

తన్విత అత్తగారి మూతి తుడిచి, మరో చెంచా జావ పట్టింది.

"కవలల్లో చిన్నదానికి జ్వరం తగ్గకూడదు. మందాకినిని గుమ్మం బయటే ఉంచండి. బిడ్డ ఏడుపు వినపడాలి, తలుపు మాత్రం తియ్యొద్దు," అంది.

తెర మీద మందాకిని తలుపు బాదసాగింది. శిరీషమ్మ గొంతులో ఏదో గురగురలాడింది. కన్నీళ్లు జావలో పడ్డాయి.

పక్కింటి మౌనికమ్మ తొంగిచూసి మురిసిపోయింది. "మంచంలో పడ్డా అత్తగారికి సీరియల్ లోటు రానివ్వవు! ఎంత అదృష్టమమ్మా ఆవిడది!"

"ఆవిడకి అదంటే ప్రాణం కదండీ."

మౌనికమ్మ వెళ్లాక టీవీ మళ్లీ అడిగింది. "మందాకిని పాత్రను నేటితో ముగించమంటారా?"

దాన్నైనా విడిచిపెట్టమన్నట్టు శిరీషమ్మ కళ్లు కోడలిని బతిమాలాయి.

"అప్పుడేనా?" అంది తన్విత, చెంచా నింపుతూ. "ఇంకో తొమ్మిదేళ్లు నడపండి."