అతుకుల కంబళి

"చెయ్యి తియ్యి దొరా! శవం మీద కంబళి లాక్కునే రోజులొచ్చాయా?" దోమ్నా గొంతు చించుకుని అరిచింది.

సిసిన్నియోస్ చెయ్యి తియ్యలేదు. కప్పదొకియ సీమలో సగం గోధుమ పొలాలు ఆయనవే. తెల్లవారుజామున బిషప్పు కన్నుమూశాడన్న కబురు అందగానే బండి కట్టించి, ఊరి బయట బిషప్పు శవం ఉన్న రోగుల సత్రంలో వాలాడు. ఆ సత్రం బిషప్పు తన ఇల్లూ వాకిలీ అమ్మి కట్టించింది. దోమ్నా అందులో వంటమనిషి.

"నా కూతురు పది రోజులుగా జ్వరంతో కాలిపోతోంది. బండిలో ఉంది. ఈ మహాత్ముడి బట్ట కప్పితే లేచి కూర్చుంటుంది."

"అయితే నువ్వూ అంచు చింపుకుని పో. అందరికీ తలో పీలిక, అదేగా ఆనవాయితీ! మొత్తం నీకేనా?"

"పీలికతో పిల్ల బతుకుతుందా?"

"కరువులో ఈయన నీ గుమ్మంలో నిలబడి గింజలు అడిగితే గాదె తాళం తీశావా? అప్పుడు పిడికెడు విదల్చనివాడివి, ఇప్పుడు కంబళి కావాల్సొచ్చిందా? సిగ్గుండాలి!"

దొర మొహం కందగడ్డ అయింది. కంబళిని ఒక్క గుంజు గుంజి, గుమ్మంలో మూగిన జనానికి ఎత్తి చూపించాడు. "చూడండర్రా, ఎన్ని అతుకులో! ఎంత నిరాడంబరుడో!" అంటూ కళ్ళకద్దుకున్నాడు. ఆ భక్తి చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

గోడవార నుంచి అకాకి లేచి వచ్చాడు. కుష్ఠు వేళ్ళు తినేసిన ముసలివాడు. అతను కప్పుకున్నదీ అతుకుల కంబళే.

"దొరా, ఆ కంబళి పాపకి..."

"నీకూ పీలిక కావాలా? దూరంగా ఉండు!"

"అది కాదు దొరా, నా మాట..."

"నోర్ముయ్! ఆ రోగిష్టి గుడ్డతో నా పిల్ల దగ్గరికొస్తావా? ఒరేయ్, దాన్ని లాగి పొయ్యిలో పడెయ్యండి!"

నౌకర్లు కర్రలతో లాగేశారు. అడ్డం వెళ్ళిన దోమ్నాని తోసేశారు. జావ కాగుతున్న పెద్ద పొయ్యిలో కంబళి చిటపటలాడింది. సత్రమంతా కమురు కంపు నిండింది. బయట మంచు కురుస్తోంది. దోమ్నా తిడుతూనే లేచి, తన పైబట్ట తీసి అకాకి భుజాల మీద వేసింది.

సిసిన్నియోస్ అవేమీ పట్టించుకోలేదు. బండెక్కి, కూతురికి తల నుంచి పాదాల దాకా కంబళి చుట్టాడు. దాని అంచు ఎత్తి పిల్ల చేత ముద్దు పెట్టించాడు. అప్పుడు ఆయన ప్రాణం కుదుటపడింది.

"ఇప్పుడు చెప్పరా ముసలోడా, ఏమిటి నీ గోల?" అన్నాడు బండి మీద నుంచే.

అకాకి ఆయనకేసి సూటిగా చూశాడు.

"పాపకి చుట్టొద్దని చెప్పబోయాను దొరా. మొన్న నా కంబళి మరీ పలచబడిపోయిందని బిషప్పుగారు తన కంబళి నాకు కప్పి, నాది ఆయన కప్పుకున్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఇందాక మీరు కాల్పించింది ఆయనది. పాప ఒంటి మీదున్నది నాది."