పరదా అవతలి సిస్టరు

“ఇంకా చెయ్యి కూడా వెయ్యలేదు, అప్పుడే అరుస్తావేమయ్యా!” అన్నాడు కాంపౌండరు.

వెల్డరు మంచం ఊచ పట్టుకుని బిగుసుకుపోయాడు. కరిగిన ఇనుము చెప్పులో పడి పాదం కాలింది. నొప్పి తగ్గించే సూది అతని ఒంటికి పడదు. ఇప్పటికే రెండుసార్లు కట్టు మార్చుతుంటే సగంలో లేచి పారిపోయాడు.

“ఈసారి పారిపోతే వేళ్ళు తీసేస్తారు. తర్వాత నీ ఇష్టం.”

“నీకేం, కాలు నీది కాదుగా!”

అప్పుడే పరదా అవతలి నుంచి ఆడగొంతు వినబడింది.

“కళ్ళు మూసుకో. ఊపిరి మెల్లగా వదులు. ఒక్కో మెట్టూ దిగు... పది... తొమ్మిది... కింద చల్లటి నీళ్ళున్నాయి. కాళ్ళు పెట్టు.”

“నా వయసేంటి, ఈ సిస్టరు నన్ను నువ్వు అనడమేంటి?” గొణిగాడు వెల్డరు.

“కదలకు,” అన్నాడు కాంపౌండరు కత్తెర అందుకుంటూ.

వేరే గతిలేక కళ్ళు మూసుకున్నాడు. మెట్లు దిగాడు.

“నొప్పిని ఒడ్డున కూర్చోబెట్టు. నువ్వు నీళ్ళలోనే ఉండు.”

నొప్పి పోలేదు గానీ, కాస్త ఎడంగా జరిగింది.

“సరే అక్కా,” అన్నాడు పళ్ళ బిగువున.

ఆమె తన ధోరణిలో చెప్పుకుంటూ పోయింది. గొంతులో మాత్రం సన్నని వణుకు. పొద్దుట్నుంచీ ఎన్ని మంచాలు తిరిగిందో పాపం, అనుకున్నాడు.

మూడు వారాలు ఆ గొంతు కోసమే ముందుగా వచ్చి కూర్చున్నాడు. ఎవరి మాటా ఖాతరు చెయ్యని మనిషి, ఆమె దిగమంటే దిగాడు, ఉండమంటే ఉన్నాడు.

“ఆవిడ చెబితే వింటావని ముందే తెలిస్తే పెళ్ళైన రోజే అప్పగించేదాన్ని,” అంది భార్య.

ఆఖరి కట్టు విప్పారు. అయిదు వేళ్ళూ దక్కాయి. వెల్డరు పాదం నేలకు ఆన్చి, కుంటుకుంటూ వెళ్ళి పరదా పక్కకు లాగాడు.

సిస్టరెవరూ లేరు. రెండు కాళ్ళకూ తొడల దాకా కట్లతో ఒకావిడ పడుకుని ఉంది.

“అమ్మా, రోజూ ఇక్కడ ధైర్యం చెప్పే సిస్టరు ఏది? దణ్ణం పెట్టుకుని పోదామని. నా కాలు నిలబెట్టిన తల్లి!”

ఆవిడ అతని పాదం వైపు చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుని నవ్వింది.

“అవి నాకు నేను చెప్పుకున్న మాటలు తమ్ముడూ.”