ఇల్లిచ్చినవాళ్ళ వరుస

ఆట అయిపోయాక మర్విన్ తిన్నగా లెస్యా దగ్గరికి రావాలి.

ఆ రోజు రాలేదు.

తలుపు పక్కన నిలబడ్డ ఒక పొడుగాటి ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ఒంటి మీద మగవాళ్ళ కోటు. సంచిలోంచి ఏదో తీసిచ్చింది. వాడు అక్కడే నిలబడి తింటూ పకపకా నవ్వాడు.

లెస్యా ఒళ్ళో ఉన్న గిన్నెలో అన్నం కూరిన క్యాబేజీ చుట్టలు చల్లారిపోతున్నాయి.

“ఎవరే ఆవిడ?” పక్కనున్న బెట్టీ మోచేత్తో పొడిచింది. “మీవాణ్ణి ఎగరేసుకుపోయేలా ఉంది.”

“నాకేం తెలుసు?”

వాడు అలా నవ్వగలడని కూడా లెస్యాకి అప్పుడే తెలిసింది. ఇంట్లో బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటాడు. పెట్టింది తింటాడు. “థాంక్యూ ఆంటీ” అంటాడు. గదిలోకి పోయి తలుపేసుకుంటాడు.

కెనడాలోని సస్కాచివాన్ గోధుమ పొలాల మధ్య నాలుగు చిన్న ఊళ్ళు కలిసి పెట్టుకున్న ఐస్ హాకీ లీగ్ అది. పెద్ద జట్లు తీసుకోని కుర్రాళ్ళే ఇక్కడ ఆటగాళ్ళు. రెండో చలికాలానికే ఒక ఊరు చేతులెత్తేసింది. దాని కుర్రాళ్ళని మిగతా మూడు ఊళ్ళూ పంచుకున్నాయి. అలా హార్వెల్‌లో లెస్యా ఇంటికి వచ్చాడు మర్విన్. ఎక్కడో ఉత్తరాన గనుల ఊరివాడు. తల్లి లేదు. పదిహేడేళ్ళు.

లెస్యాకి పిల్లల్లేరు. వాడు వచ్చిన రోజునే సూప్ గిన్నె మార్చి పెద్దది పొయ్యి మీదకెక్కించింది.

తర్వాతి ఆటకీ ఆవిడ వచ్చింది. ఆ తర్వాతి ఆటకీ వచ్చింది. మంచు తుఫానుకి సగం ఊరు ఇల్లు కదలని రోజున కూడా, పాత ట్రక్కేసుకుని ఎక్కడినుంచో వచ్చింది.

“వాసిల్, ఆవిడ ఏ ఊరిదో కనుక్కోవయ్యా,” అంది లెస్యా మొగుడితో.

“నువ్వే మర్విన్‌ని అడగరాదూ?”

“నేనెందుకడగాలి? వాడే చెప్పాలి.”

“ఏంటే ఆ కడుపుమంట? మంచు కరిగితే వెళ్ళిపోయే పిల్లాడు.”

“నాకేం మంట లేదు.” గిన్నె దబ్బున పెట్టింది. సూప్ టేబుల్ మీద ఒలికింది.

ఆ ఆదివారం ఊదారంగు బెర్రీలు కూరి ‘పై’ అనే తీపి రొట్టె కాల్చింది లెస్యా. మర్విన్ ఒక ముక్క తిన్నాడు. “బాగుంది ఆంటీ” అన్నాడు. అంతే.

మర్నాడు ఆట దగ్గర, ఆవిడ తెచ్చిన ఓట్ బిస్కెట్లు ఒకదాని మీద ఒకటి లాగించేశాడు.

లెస్యా తనే దగ్గరికెళ్ళి మరీ చూసింది. బిస్కెట్ల అడుగు మాడి నల్లగా ఉంది.

ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. మాడిన బిస్కెట్లు!

ఫిబ్రవరిలో ఒక శనివారం లెస్యా కాస్త ఆలస్యంగా వెళ్ళింది. మూడో వరుసలో తన పక్క కుర్చీలో ఆవిడ కూర్చుని ఉంది. ఆటగాళ్ళకి ఇంట్లో చోటిచ్చినవాళ్ళు మాత్రమే కూర్చునే వరుస అది.

“ఇది ఇల్లిచ్చినవాళ్ళ వరుసండీ,” అంది లెస్యా నిలబడే.

“తెలుసమ్మా. మీతో ఒక్క మాట...”

“బిస్కెట్లు పెట్టి మచ్చిక చేసుకోవడం ఎవరైనా చేస్తారు. పొద్దున్నే లేపి తిండి పెట్టాలి. కంపుకొట్టే మేజోళ్ళు ఉతకాలి. జ్వరమొస్తే పక్కన కూర్చోవాలి. అవన్నీ చేస్తున్నది నేను.”

బెట్టీ ఇటు తిరిగింది. ముందు వరుసవాళ్ళూ తిరిగారు.

ఆవిడ లెస్యా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. దాంతో లెస్యాకి ఇంకా ఒళ్ళు మండింది.

“నిజమే. బాగా చూసుకుంటున్నారు,” అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు.

“పీడ విరగడైంది,” అంది లెస్యా బెట్టీతో.

ఆట అవగానే మర్విన్ ఇప్పుడు తిన్నగా ఆమె దగ్గరికే వస్తున్నాడు. వేడి వేడి క్యాబేజీ చుట్టలు తింటూ తలుపు కేసి చూస్తున్నాడు.

“ఎవరికోసంరా?” అని నాలిక చివరిదాకా వచ్చేది. మింగేసేది.

మార్చిలో ఇంకో ఊరి జట్టు కూడా మూతపడింది. ఇక మిగిలినవి రెండు. రెండు జట్లు ఎన్నిసార్లని ఒకదాంతో ఒకటి ఆడతాయి? లీగ్ ఎత్తేశారు.

మంచు మైదానం బయట బస్సు ఆగింది. కుర్రాళ్ళు సంచులెక్కిస్తున్నారు. మర్విన్ లెస్యాని గట్టిగా వాటేసుకున్నాడు. మొదటిసారి.

“సూప్ బావుండేది ఆంటీ. ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు.”

బస్సు మలుపు తిరిగేదాకా ఆమె చెయ్యి ఊపుతూనే ఉంది.

“విల్మా ఉంటే ఎంత బావుండేది,” అన్నాడు వెనకనుంచి కోచ్ లోయిడ్. “పోయిన నెలలోనే పొలం అమ్ముకుని సముద్రం వైపు వెళ్ళిపోయింది, పాపం. నీకు చెప్పే వెళ్తానందే?”

“విల్మా ఎవరు?”

“అదేంటి లెస్యా! మగవాళ్ళ కోటు వేసుకుని వచ్చేది కదా.”

లెస్యా గిర్రున వెనక్కి తిరిగింది.

“ఆవిడకీ మర్విన్‌కీ ఏంటి సంబంధం?”

“వాళ్ళ ఊరి జట్టు మూసేసేదాకా వీడు ఉన్నది విల్మా ఇంట్లోనేగా. ‘ఇక నీ ఇల్లు అదే, అక్కడ నా మాటెత్తకు’ అని వాడికి గట్టిగా చెప్పి పంపింది.”

“నా ఇంటికే ఎందుకు?”

“నేను డాక్టరుగారింట్లో పెడదామన్నాను. ‘ఆటలో మా ఊరి కుర్రాడి మూతి పగిలినప్పుడు మీ ఊరామె ఒకావిడ పరిగెత్తుకొచ్చి తన శాలువాతో నెత్తురు తుడిచింది, ఆవిడెవరో కనుక్కో, నా బిడ్డని ఆవిడ చేతిలోనే పెడతాను’ అంది విల్మా.”