వరసలో ఖాళీ

ఏటి కట్టకు గండి పడింది.

గండి కింద మొదటి ఇల్లు టైలరమ్మది. లోపల తుంటి విరిగి మంచాన పడ్డ అత్తగారు. ఆటో తెస్తానని వెళ్ళిన మొగుడు వంతెన అవతలే చిక్కుపడిపోయాడు.

ఇసుక మూటలు వేస్తే గండి పూడుతుంది. ఆ ఇసుక ఉన్నదేమో హాస్టలు ఆవరణలో. అది చదువుకునే పిల్లల హాస్టలా? కాదు, జైలు నుంచి విడుదలైనవాళ్ళు తలదాచుకునేది. వీధివాళ్ళు ఆ గేటు ముందు నుంచి నడవడం ఎప్పుడో మానేశారు.

ఎవరూ అడక్కుండానే హాస్టలువాళ్ళు ఇసుక మూటలు కట్టి, వరసగా నిలబడి చేతులు మార్చడం మొదలుపెట్టారు. ఇటు నుంచి వీధివాళ్ళూ వరస కట్టారు. రెండు వరసలూ కలిసేచోట ఇటు టైలరమ్మ, అటు ఒక పొడుగాటి మనిషి.

ఎవరో కుర్రాణ్ణి చంపి జైలుకెళ్ళాడని వీధంతా చెప్పుకునేది అతని గురించే.

అతను మూట చాచాడు. టైలరమ్మకు చేతులు ముందుకు రాలేదు.

"కింద పెట్టు. నేను తీసుకుంటాలే," అంది.

పెట్టాడు. మూట బురదలో జారి ఏట్లోకి దొర్లిపోయింది. రెండోదీ అంతే. ప్రాణం మీదికొచ్చాక కూడా ఈ పట్టింపులేమిటని వెనకవాళ్ళు ఎవరూ తిట్టలేదు. వాళ్ళకి అదే సబబనిపించింది మరి.

నీళ్ళు ఆమె గడప దాటాయి.

అప్పుడు హాస్టలు గేటు దగ్గర్నుంచి ఒక పెద్దావిడ కొంగు బిగించుకుంటూ వచ్చింది. పొద్దుట్నుంచీ అక్కడే నిలబడి ఉన్న మనిషి. ఇద్దరి మధ్యా నిలబడి, అతని వైపు చేతులు చాచింది.

అతను మూట ఇవ్వలేదు. మూటతోనే ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఇలా ఇవ్వు," అందావిడ. "లోపల ముసలామె ఉందట."

ఇచ్చాడు.

ఆవిడ చేతుల్లోంచి టైలరమ్మ అందుకుంది. అతని తల్లి అయి ఉంటుంది, అయినా హంతకుడి తల్లి హంతకురాలు కాదు కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. ఇక వరస ఆగలేదు.

మధ్యలో టైలరమ్మ ఉండబట్టలేక అననే అంది. "నీ కొడుకు కాబట్టి నీకు తప్పదు. మాకేం ఖర్మ?"

ఆవిడ ఇంకో మూట అందించింది.

పొద్దువాలేసరికి గండి పూడింది. అత్తగారి మంచం కోళ్ళు తడిశాయి, అంతే.

టీ వచ్చింది. వీధివాళ్ళందరికీ గ్లాసులు అందాయి. పెద్దావిడ చెయ్యి చాచబోతే, మీవాళ్ళకి హాస్టల్లో పోస్తారులే అంది పోస్తున్నామె. టైలరమ్మ విని ఊరుకుంది. ఆవిడ చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఇంట్లోకొచ్చి అత్తగారి పక్కన కూర్చున్నాక టైలరమ్మకి సిగ్గేసింది. ఈ ప్రాణం నిలబెట్టిన మనిషికి గుక్కెడు టీ ఇమ్మనడానికి నోరు పెగల్లేదే అని తనను తానే తిట్టుకుంది. ఆవిడింకా వెళ్ళి ఉండదేమోనన్న ఆశతో గ్లాసు పట్టుకుని హాస్టలు గేటు దాటింది.

పొడుగాటి మనిషి మెట్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"మీ అమ్మగారు ఏరీ?"

"ఆవిడ మా అమ్మ కాదండీ."

"మరి పొద్దుట్నుంచీ మీ కోసమేగా నిలబడింది?"

అతను తలెత్తలేదు.

"నన్ను శపించిపోదామని వచ్చిందండీ," అన్నాడు. "నా చేతుల్లో పోయిన కుర్రాడి తల్లి."